బ్యాగు కింద చర్మం పొక్కుతుంటే

పేగు ఆపరేషన్ తరువాత కడుపు మీద స్టోమా (పేగును బయటికి తెచ్చిన రంధ్రం) పెట్టించుకున్నవాళ్లు ఎవరికి వాళ్లు చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. ల్యాబు అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. బ్యాగు మార్చుకునే రోజున పాతది ఊడదీసి, శుభ్రం చేసుకుని, కొత్తది అంటించే ముందు అద్దంలో స్టోమా చుట్టూ ఉన్న చర్మాన్ని నిదానంగా చూడాలి. తరువాత బొడ్డుకు అవతలి పక్క, అదే ఎత్తులో ఉన్న చర్మాన్ని చూడాలి. రెండూ ఒకేలా ఉండాలి. ఇవతలిది ఎర్రగా ఉన్నా, మన ఒంటి రంగు మీద ఎరుపు అంతగా తేలక నల్లగా కమిలినట్టు కనిపించినా, తడితడిగా చెమరుస్తున్నా అక్కడ ఏదో తేడా వచ్చినట్టే.

ఇంత చిన్న సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. శాశ్వత స్టోమా ఉన్న 202 మందిని పరీక్షించి డెన్మార్క్‌లో చేసిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. వాళ్లలో 45 శాతం మందికి చర్మ సమస్య కనబడింది. చిన్నపేగును కడుపు మీదికి తెచ్చిన ఇలియోస్టమీ వాళ్లలో అది 57 శాతం, మూత్రం కోసం పెట్టిన యూరోస్టమీ వాళ్లలో 48 శాతం, పెద్దపేగును బయటికి తెచ్చిన కొలోస్టమీ వాళ్లలో 35 శాతం. అంతకంటే విచిత్రమైనది ఆ తరువాతి లెక్క. సమస్య ఉందని తేలినవాళ్లలో తమకు సమస్య ఉందని ఒప్పుకున్నది 38 శాతం మందే. 80 శాతానికి పైగా ఎవరి సలహా కోసమూ వెళ్లలేదు. కడుపు మీద బ్యాగు పెట్టుకున్నాక మంట, దురద మామూలేనని వాళ్లు సర్దుకుపోయి ఉంటారు. స్టోమా నర్సులకు, బ్యాగులకు కొదవలేని దేశంలోనే ఇలా ఉంది.

మన దగ్గర స్టోమా అవసరమయ్యే కారణాలు అనేకం. మలాశయ క్యాన్సర్, పెద్దపేగు క్యాన్సర్ సరే. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడటం, పేగులకు క్షయ సోకడం, రోడ్డు ప్రమాదాలు, పుట్టుకతోనే మలద్వారం ఏర్పడని పసిపిల్లలు, ఇవన్నీ కలుస్తాయి. మూత్రాశయం తీసేయాల్సి వచ్చినవాళ్లకు చిన్నపేగు ముక్కతో దారి చేసి మూత్రాన్ని కడుపు మీదికి మళ్లిస్తారు. కొందరికి ఇది రెండు మూడు నెలల ముచ్చట, కొందరికి జీవితాంతం.

స్టోమా అంటే బయటికి తెచ్చిన పేగు లోపలి పొర. బుగ్గ లోపలి రంగులో ఎర్రగా, తడిగా ఉంటుంది. దాన్ని ముట్టుకున్నా నొప్పి తెలియదు, ఎందుకంటే నొప్పిని చేరవేసే నరాలు అక్కడ ఉండవు. తుడిచేటప్పుడు ఒక చుక్క రక్తం గుడ్డకు అంటితే గాబరా పడక్కర్లేదు. కానీ దాని చుట్టూ ఉన్నది మామూలు చర్మమే, దానికి నరాలన్నీ ఉన్నాయి. మంట అక్కడిది.

చిన్నపేగులోంచి వచ్చే ద్రవంలో అన్నాన్ని, పప్పును, నూనెను అరిగించే ఎంజైములు ఇంకా పనిలోనే ఉంటాయి. వాటికి పప్పన్నమూ చర్మమూ ఒకటే. మాంసకృత్తు ఎక్కడ దొరికితే అక్కడ నమలడం మొదలుపెడతాయి. పైగా ఆ ద్రవానిది క్షారగుణం, చర్మానిది స్వల్ప ఆమ్లగుణం. ఇలియోస్టమీలోంచి రోజుకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు ద్రవం రావడం సాధారణం. అందులో ఒక చెంచాడు, బ్యాగును చర్మానికి అంటించే ప్లేటు కిందికి జారి కొన్ని గంటలు నిలిచినా చర్మం పై పొర లేచిపోతుంది. పెద్దపేగు చివరి భాగంలో పెట్టిన కొలోస్టమీలో మలం గట్టిపడి వస్తుంది, ఎంజైముల పదును అప్పటికే తగ్గి ఉంటుంది. అందుకే ఆ రోగులకు ఈ బాధ తక్కువ. యూరోస్టమీ వాళ్లది మరో దారి. మూత్రంలో నాని నాని చర్మం తెల్లబడి ఉబ్బుతుంది, ఏళ్ల తరబడి అలాగే ఉంటే పులిపిర్లలాంటి బొడిపెలు లేస్తాయి.

డెన్మార్క్ అధ్యయనంలో కనబడిన చర్మ సమస్యల్లో 77 శాతం ఇలా బ్యాగులోకి పోవాల్సింది చర్మానికి తగలడం వల్ల వచ్చినవే. 2000లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం 325 మందిని పరిశీలించింది. అందులో ఇన్‌ఫెక్షన్ తేలింది 6 శాతం మందిలో, అలర్జీ 0.7 శాతం మందిలో మాత్రమే. ఇళ్లలో అనుమానాల వరస దీనికి సరిగ్గా తలకిందులు. చర్మం ఎర్రబడగానే మొదట వచ్చే మాట ‘ఇన్‌ఫెక్షన్ అయిందేమో’. రెండోది ‘ఈ కంపెనీ బ్యాగు ఒంటికి పడలేదేమో’. లీకు సంగతి ఆఖర్న గుర్తొస్తుంది, అసలు గుర్తొస్తే.

ఇన్‌ఫెక్షన్ అనుకోగానే చేతులు ఊరుకోవు. డెట్టాల్ నీళ్లతో కడుగుతారు, స్పిరిట్ దూదితో తుడుస్తారు, పసుపు అద్దుతారు, కొబ్బరినూనె రాస్తారు, మందుల షాపులో అడిగి ఏదో ఆయింట్‌మెంట్ తెచ్చి దట్టంగా పూస్తారు. డెట్టాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అప్పటికే పొక్కి ఉన్న చర్మాన్ని మరింత కాలుస్తాయి. నూనె, ఆయింట్‌మెంట్, టాల్కం పౌడర్ ప్లేటును అంటుకోనివ్వవు. సరిగ్గా అంటుకోని ప్లేటు మర్నాటికే లీకవుతుంది. లీకుతో చర్మం ఇంకా పొక్కుతుంది, దాంతో ఇంకాస్త నూనె రాస్తారు. ఇంట్లోవాళ్ల శ్రద్ధలో లోపమేమీ లేదు. ఆ శ్రద్ధంతా తప్పు చోట ఖర్చయిపోతోందంతే.

లీకును చర్మానికి దూరంగా ఉంచడం ఎలా అన్న ప్రశ్నతోనే ఈ వైద్యం చరిత్ర అంతా నడిచింది. 1950లకు ముందు ఇలియోస్టమీ అంటే పేగు చివరను కోసి కడుపు మీద ఉన్నదున్నట్టు వదిలేయడమే. ద్రవం చుట్టూ పారేది. రబ్బరు సంచులుండేవి, వాటిని రబ్బరు జిగురుతో అంటించుకునేవారు. చర్మం పుండై, ఆ పుండు మీదే మళ్లీ జిగురు. బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయన్ బ్రూక్ 1952లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న మార్పు గురించి రాశాడు. పేగు చివరను, చొక్కా చేతిని బయటికి మడిచినట్టు, తన మీదికే మడిచి కుట్టాలన్నాడు. అలా కుడితే స్టోమా కడుపు మట్టానికి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. ద్రవం చర్మం మీద పడకుండా నేరుగా సంచిలో పడుతుంది. నేటికీ ఇలియోస్టమీ అంటే సర్జన్లు చేసేది అదే. చర్మ వ్యాధులకు మందులిచ్చే డాక్టరు కాకుండా ఒక సర్జన్ కుట్టు మార్చి చర్మాన్ని కాపాడాడు.

రెండో మలుపులో మన కొండలకూ వాటా ఉంది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ ఇంచుమించు ఆ రోజుల్లోనే కరాయ బంక పొడిని పొక్కిన చర్మం మీద చల్లి చూశాడు. అప్పట్లో ఆ పొడిని కట్టుడు పళ్లు అంటుకోవడానికి వాడేవారు. తడిగా ఉన్న పుండు మీద జిగురేదీ నిలవదు. ఈ బంక మాత్రం ఆ తడినే పీల్చుకుని, ఉబ్బి, జిగటగా మారి చర్మాన్ని పట్టుకుంది. దాని కింద చర్మం మానడమూ మొదలైంది. బంక పొడితో ఉంగరాలు చేసి సంచి కింద పెట్టడం అలా మొదలైంది.

కరాయ బంక వచ్చేది తపసి చెట్టు నుంచి. తెల్లని నున్నటి బెరడుతో, వేసవిలో ఆకులన్నీ రాల్చి రాళ్ల గుట్టల మీద నిలబడే ఆ చెట్టు ఆంధ్ర, తెలంగాణ అడవుల్లో గిరిజనులందరికీ తెలుసు. బెరడుకు గాటు పెట్టి, కారి గడ్డకట్టిన బంకను ఎండాకాలంలో ఏరుతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నం కేంద్రంగా, దాన్ని రకాలుగా వేరు చేసి కొంటూ వచ్చింది. ప్రపంచ మార్కెట్‌కు కరాయ బంక ప్రధానంగా వెళ్లింది భారతదేశం నుంచే. కాబట్టి ఎక్కడో క్లీవ్‌లాండ్‌లో మానిన పుండ్లకూ, ఇక్కడ సంతకు బంక మోసుకొచ్చిన మనుషులకూ ఒకరికొకరు తెలియని లంకె ఉండే ఉంటుంది. ఈ సంగతి బంక ఏరినవాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో.

బంకకు దోషాలూ ఉన్నాయి. మూత్రం తగిలితే త్వరగా కరిగిపోతుంది, వేడికి మెత్తబడుతుంది, పచ్చి పుండు మీద చురుక్కుమంటుంది. 1970ల తొలినాళ్లకు దాని స్థానంలో పెక్టిన్, జెలటిన్, సెల్యులోజ్ కలిపిన హైడ్రోకొలాయిడ్ పలకలు వచ్చాయి. వాటికి మూలమైన పదార్థం మొదట నోటి పూతల కోసం తయారైంది. ఈ రోజు బ్యాగుతో వచ్చే గోధుమరంగు ప్లేటు ఆ వంశంలోనిదే. తడిని కొంత పీల్చుకుంటూనే చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండటం దాని పని. పీల్చుకోగలిగినంత పీల్చుకున్నాక అది ఉబ్బి కరగక తప్పదు.

ఇక బ్యాగు సంగతి. దాన్ని ఊహించింది డెన్మార్క్ నర్సు ఎలిజ్ సోరెన్‌సెన్. 1954లో ఆమె చెల్లెలు థోరాకు ఆపరేషన్ అయింది. లీకు భయంతో ఆ అమ్మాయి ఇల్లు కదలలేదు. చుట్టూ జిగురు వలయం ఉన్న, వాడి పారేసే ప్లాస్టిక్ సంచి అయితే సరిపోతుందని సోరెన్‌సెన్‌కు తట్టింది. తయారీదారులను ఒప్పించడానికి ఆమె తిరగాల్సి వచ్చింది. చివరికి ఆగే లూయిస్ హాన్సెన్ అనే ప్లాస్టిక్ తయారీదారు ముందుకొచ్చాడు. నర్సుగా పనిచేసిన ఆయన భార్యే ఆయన్ను ఒప్పించిందంటారు. 1957లో ఆ సంచి కోసమే కొలోప్లాస్ట్ కంపెనీ పుట్టింది.

అదే 1954లో టర్న్‌బుల్ చేతిలో ఇలియోస్టమీ చేయించుకున్న నోర్మా గిల్ అనే గృహిణి మరో పని చేసింది. కోలుకున్నాక తనలాంటి రోగుల దగ్గరికి వెళ్లి బ్యాగు ఎలా అంటించుకోవాలో, చర్మాన్ని ఎలా చూసుకోవాలో చూపించడం మొదలుపెట్టింది. టర్న్‌బుల్ ఆమెను 1958లో క్లినిక్‌లో ఉద్యోగానికి తీసుకున్నాడు. 1961లో ఇద్దరూ కలిసి ఈ పనికి శిక్షణ ఇచ్చే బడి తెరిచారు. ప్రపంచంలో ఇప్పుడున్న స్టోమా నర్సుల వృత్తికి మూలం ఒక రోగి అనుభవం.

ఆ నర్సులు రోగి కడుపు కంటే ముందు చూసేది ఊడదీసిన ప్లేటు వెనక వైపు. పాత ప్లేటును చుట్టచుట్టి చెత్తబుట్టలో వేసేముందు తిప్పి చూడాలి. రంధ్రం చుట్టూ జిగురు అంతటా ఒకే మందాన ఉందా, ఎక్కడైనా కరిగి తెల్లగా ఉబ్బిందా, ఏ దిక్కున మలం మరక బయటి అంచు వైపు పాకింది? గడియారం ముఖంలా ఊహించుకుని ‘ఆరు గంటల దగ్గర కరిగింది’ అని గుర్తు పెట్టుకుంటే, చర్మం మీద సరిగ్గా ఆ చోటే పొక్కి ఉండటం కనిపిస్తుంది. అక్కడ కడుపు మీద మడత ఉందేమో, పాత కుట్టు మచ్చ గుంటలా ఉందేమో, స్టోమా రంధ్రం అటు వైపుకు వాలి ఉందేమో చూడాలి. డాక్టరుకో నర్సుకో ఫోన్లో ఫోటో పంపేటప్పుడు చర్మం ఫోటోతో పాటు ప్లేటు వెనక ఫోటో కూడా పంపితే సగం సమాధానం అందులోనే దొరుకుతుంది.

ఎక్కువసార్లు బయటపడే కారణం చాలా మామూలుది: ప్లేటు రంధ్రం పెద్దదైపోవడం. ఆపరేషన్ కాగానే స్టోమా వాచి ఉంటుంది. ఆ తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు చిక్కుతూ వస్తుంది. ఆసుపత్రిలో మొదటి రోజు ఇచ్చిన కొలతతోనే నాలుగు నెలల తరువాత కూడా ప్లేటు కత్తిరిస్తుంటే స్టోమాకూ జిగురుకూ మధ్య చర్మం బయటపడి ఉంటుంది. ఆ ఉంగరం మేరకే ఎర్రబడుతుంది. రంధ్రం స్టోమా కంటే చుట్టూ 2 నుంచి 3 మి.మీ. మాత్రమే పెద్దదిగా ఉండాలి. బ్యాగుల పెట్టెలో వచ్చే కొలత కాగితంతో మొదటి రెండు నెలలూ వారానికోసారి కొలుచుకోవాలి. ఆ తరువాత బరువు పెరిగినా తగ్గినా, స్టోమా పక్కన ఉబ్బు వచ్చినా మళ్లీ కొలవాలి. స్టోమా గుండ్రంగా లేకపోతే గుండ్రటి రంధ్రం పనికిరాదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పైన పెట్టి ఆకారం గీసుకుని, ఆ అచ్చుతో కత్తిరించుకోవాలి.

కొలత సరిగ్గానే ఉన్నా లీకవుతుంటే సమస్య ఆకారంలో ఉంటుంది. స్టోమా చర్మ మట్టానికి సమంగానో లోపలికి దిగిపోయో ఉంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే కుంభాకార ప్లేటు వాడతారు. అది చుట్టూ చర్మాన్ని కొంచెం నొక్కి స్టోమాను ముందుకు తెస్తుంది. దానితో పాటు నడుముకు బెల్టు. ఈ ప్లేటును షాపులో చూసి కొనేయడం మంచిది కాదు, నొక్కుడు ఎక్కువై పుండు పడొచ్చు. నర్సు చూసి ఎంచాలి. మడతలనూ గుంటలనూ పూడ్చడానికి పేస్టు ఉంటుంది. ట్యూబులో వస్తుంది కనుక చాలామంది దాన్ని జిగురనుకుని ప్లేటంతా పూస్తారు. అది పూడిక మాత్రమే. ఎక్కువ రాస్తే ప్లేటు ఇంకా త్వరగా ఊడుతుంది. పైగా చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, పొక్కిన చోట భగ్గుమంటుంది. అలాంటప్పుడు ఆల్కహాల్ లేని మెత్తటి పట్టీలు, రింగులు నయం.

ఒక పని మాత్రం ఎవరూ చేయకూడదు. లీకవుతున్న అంచు మీద టేపు వేసి, రేపటి దాకా నెట్టుకురావడం. ప్రయాణంలో, పెళ్లిలో, బ్యాగు ఖరీదు గుర్తొచ్చి ఇలా చేస్తారు. టేపు లీకును ఆపదు, లోపల బంధించి ఉంచుతుంది. ప్లేటు కింద మంటగానీ దురదగానీ మొదలైతే పెట్టి ఎన్ని గంటలైందన్నది చూడకుండా తీసి కడుక్కోవాలి.

బ్యాగు మార్చడానికి అనువైన వేళ పొద్దున్నే, కాఫీ టిఫిన్లకు ముందు. అప్పుడు పేగు కదలిక మందంగా ఉంటుంది. ప్లేటు పై అంచు నుంచి మొదలుపెట్టి, ఒక చేత్తో చర్మాన్ని కిందికి అదిమి పట్టుకుని, రెండో చేత్తో నెమ్మదిగా ఒలవాలి. సర్రున లాగితే చర్మం పై పొర దానితో పాటే వస్తుంది. ఎంజైముల అవసరం లేకుండానే పుండు తయారవుతుంది. రాకపోతే గోరువెచ్చని నీళ్లు అద్దుతూ తీయాలి, జిగురు వదిలించే స్ప్రేలూ దొరుకుతాయి. కడగడానికి మామూలు కుళాయి నీళ్లు చాలు. స్టోమా ఆపరేషన్ గాయం కాదు, స్టెరైల్ దూది, సెలైన్ నీళ్లు అక్కర్లేదు. బ్యాగు తీసేసి స్నానం చేసినా లోపలికి నీళ్లు పోవు. సబ్బు వాడితే నూనె, క్రీము కలవని సాదా సబ్బు వాడి పూర్తిగా పోయేలా కడగాలి. చంటిపిల్లలకు వాడే తడి వైప్స్‌లో నూనె ఉంటుంది, అవి వద్దు. మెత్తటి నూలు గుడ్డతో రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరాక ప్లేటు పెట్టి, అరచేతి వేడి తగిలేలా ఒకటి రెండు నిమిషాలు అదిమి ఉంచాలి.

అప్పటికే పొక్కి రసి కారుతున్న చోట ప్లేటు నిలవదు కదా? దానికి నర్సులు చేసే ఉపాయం పొరలు కట్టడం. స్టోమా పౌడర్ అని వేరే దొరుకుతుంది, అది ముఖానికి రాసుకునే పౌడర్ కాదు. దాన్ని తడిగా ఉన్న చోట మాత్రమే చల్లి, అంటుకోనిది దులిపేసి, పైన ఆల్కహాల్ లేని బారియర్ ఫిల్మ్‌ను గానీ తడి వేలిని గానీ మెల్లగా అద్దుతారు. ఆరనిస్తారు. ఇలా రెండు మూడు సార్లు. పొడి పెచ్చులా పొర కడుతుంది, దాని మీద ప్లేటు నిలుస్తుంది. టర్న్‌బుల్ తపసి బంకతో చేసినదానికి ఇది వారసత్వమే. కింద చర్మం మానాక పౌడర్ మానేయాలి, ఆరోగ్యమైన చర్మం మీద చల్లితే ప్లేటు పట్టు తగ్గుతుంది.

ఇన్‌ఫెక్షన్లు తక్కువన్నంత మాత్రాన లేవని కాదు. మన ఉక్కకు, చెమటకు ఎక్కువగా కనిపించేది క్యాండిడా అనే ఫంగస్. షుగరు ఉన్నవాళ్లకు, యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు ఇది త్వరగా పడుతుంది. లీకు వల్ల వచ్చిన పొక్కు లీకైన మేరకే ఉంటుంది, మండుతుంది. ఫంగస్ అయితే మంట కంటే దురద ఎక్కువ. ముదురు ఎరుపు మచ్చ, దాని అంచు దాటి అక్కడక్కడా విడివిడిగా చిన్న చిన్న పొక్కులు. దీనికి క్లోట్రిమజోల్‌లాంటి మందే కావాలి. అయితే క్రీము రూపంలో రాస్తే ప్లేటు జారిపోతుంది. అదే మందు పౌడర్‌గా దొరుకుతుంది, డాక్టరును అడిగి అది రాయించుకోవాలి. షుగరు అదుపులో లేకుంటే ఏ పౌడరూ పూర్తిగా పనిచేయదు.

రెండోది వెంట్రుకల కుదుళ్లకు పట్టే ఇన్‌ఫెక్షన్. ఒక్కో వెంట్రుక మొదట్లో ఒక్కో చీము పొక్కు. మగవాళ్లు ప్లేటు అంటుకోవడానికని రేజరుతో రోజు విడిచి రోజు గీసుకోవడం వల్ల, లేదా ప్లేటుతో పాటు వెంట్రుకలు పెరుక్కురావడం వల్ల వస్తుంది. కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో పొట్టిగా కత్తిరించుకుంటే చాలు, నున్నగా గీయక్కర్లేదు. తగ్గకపోతే డాక్టరు యాంటీబయాటిక్ ఇస్తారు.

ఇన్‌ఫెక్షన్‌లా కనిపిస్తూ ఇన్‌ఫెక్షన్ కానివి డాక్టర్లనూ తికమకపెడతాయి. పయోడర్మా గాంగ్రినోసమ్ అలాంటిది. పేగుల్లో అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి ఉన్నవాళ్లలో అరుదుగా వస్తుంది. ఊదా రంగు అంచుతో, చూసినదానికంటే ఎన్నో రెట్లు నొప్పి పెట్టే పుండు. చీము గడ్డనుకుని కోసి శుభ్రం చేస్తే ఇంకా పెద్దదవుతుంది. దీనికి స్టెరాయిడ్లలాంటి మందులు కావాలి. సోరియాసిస్, ఎగ్జిమా ఉన్నవాళ్లకు ప్లేటు కింద అవి తిరగబెట్టొచ్చు. నిజమైన అలర్జీ అయితే ప్లేటు ఆకారం మేరకు, గీత గీసినట్టు, ఎర్రబడి దురద పెడుతుంది. అనుమానముంటే అదే ప్లేటు చిన్న ముక్కను కడుపు రెండో వైపు 48 గంటలు అంటించి చూడమంటారు. అక్కడ ఏమీ కాకపోతే కంపెనీ మార్చి లాభం లేదు, మళ్లీ కొలత దగ్గరికే రావాలి.

యూరోస్టమీ వాళ్లకు నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి స్టోమా మీద, చుట్టూ ఇసుకలాంటి స్ఫటికాలు పేరుకుంటాయి. బాగా నీళ్లు తాగడం, రాత్రి పెద్ద సంచికి గొట్టం కలుపుకోవడం మొదటి జాగ్రత్తలు. స్ఫటికాలు కరగడానికి నీళ్లు కలిపి పలచబరచిన వెనిగర్ గుడ్డను కాసేపు వేయమంటారు, ఎంత పలచన అన్నది నర్సును అడగాలి.

ఇలియోస్టమీ వాళ్లకు ద్రవం పలచబడిన కొద్దీ లీకు పెరుగుతుంది. మెత్తటి అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం ద్రవాన్ని కొంత చిక్కబరుస్తాయి. బ్యాగు మూడో వంతు నుంచి సగం లోపు నిండగానే ఖాళీ చేయాలి, బరువుకు ప్లేటు ఊడుతుంది. మన ఎండలకు కంపెనీ పెట్టె మీద రాసిన రోజుల లెక్క నిలవదు. చల్లటి దేశంలో ఐదు రోజులు ఉండే ప్లేటు మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మూడో రోజుకే మెత్తబడొచ్చు. బ్యాగు ఒంటికి తగిలే చోట చెమట పొక్కులు లేస్తుంటే పలచని నూలు గుడ్డతో కుట్టిన తొడుగు వేస్తే సరిపోతుంది.

ఖరీదు అసలు చిక్కు. ప్లేటును వారం పది రోజులు లాగేవాళ్లు, బ్యాగును కడిగి ఆరబెట్టి వాడేవాళ్లు ఉన్నారు, వాళ్లను తప్పు పట్టడం సులువే. రెండు ముక్కలుగా వచ్చే రకంలో బ్యాగును కడిగి మళ్లీ తగిలించుకోవచ్చు. ప్లేటు విషయంలో పొదుపు మాత్రం పౌడర్లకూ మందులకూ డాక్టరు ఫీజులకూ పోయి చివరికి ఖర్చే పెంచుతుంది. 1975లో ముంబయిలో ఏర్పడిన ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇలాంటి రోగులకు సాయంగా ఉంటోంది. టాటా మెమోరియల్ ఆసుపత్రి స్టోమా నర్సులకు శిక్షణ ఇస్తోంది. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులను వదిలి జిల్లా స్థాయికి వస్తే ఈ శిక్షణ పొందిన నర్సు దొరకడం కష్టం. డిశ్చార్జి రోజున రోగితో పాటు ఇంట్లో ఒకరికి బ్యాగు మార్చడం చేతికి వచ్చేదాకా వార్డు నర్సు దగ్గర నేర్చుకునే వెళ్లాలన్నది అందుకే.

కొన్నిటికి ఇంటి వైద్యం, ఫోటోలు పంపడం పనికిరావు. స్టోమా రంగు ఊదాగా, నల్లగా మారినా, చుట్టూ ఎరుపు పాకుతూ జ్వరం వచ్చినా, గడ్డ కట్టి చీము కారినా, రక్తం ఆగకపోయినా, ఇలియోస్టమీ నుంచి రోజుకు లీటరున్నర దాటి పోతూ నాలుక ఎండుతున్నా ఆసుపత్రికి వెళ్లాలి. కాలేయ వ్యాధి ఉన్నవాళ్లకు స్టోమా చుట్టూ ఊదా రంగు రక్తనాళాలు ఉబ్బి కనిపించొచ్చు. అవి చిట్లితే గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని వెంటనే బయలుదేరాలి.

ఆపరేషన్‌కు ముందే తేలాల్సిన సంగతి ఒకటుంది, స్టోమా ఎక్కడ పెట్టాలన్నది. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ అయితే సర్జనో నర్సో రోగిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చెప్పి, మడతలు పడని చోట, రోగి తన కంటితో చూసుకోగలిగే చోట పెన్నుతో గుర్తు పెడతారు. మన ఆడవాళ్లకు లంగా బొందు బిగించే చోటు, చీర కుచ్చిళ్లు దోపే చోటు తప్పించాలి. మగవాళ్లకు పంచె ముడి, లుంగీ, మొలతాడు, బెల్టు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్లకు పడే మడతలు కుర్చీలో కూర్చున్నప్పుడు కనబడవు. కాబట్టి గుర్తు పెట్టే రోజున ఇంట్లో కట్టుకునే బట్టలతో వెళ్లి, ఇంట్లో కూర్చునే తీరులో కూర్చుని చూపించాలి. నాట్లు వేసే మనిషి, బరువులు మోసే మనిషి ఆ మాటా చెప్పాలి. అర్ధరాత్రి పేగుకు చిల్లు పడి వచ్చిన రోగికి ఇంత వ్యవధి ఉండదు, స్టోమా ఎక్కడ కుదిరితే అక్కడ వస్తుంది. వాళ్లకే కుంభాకార ప్లేట్లు, బెల్టులు, పూడిక పట్టీలు ఎక్కువ అవసరమవుతాయి. అది తాత్కాలిక స్టోమా అయితే మూసే ఆపరేషన్ ఎప్పుడని డిశ్చార్జి రోజునే సర్జన్‌ను అడిగి, అప్పటిదాకా వారానికి రెండు చొప్పున ఎన్ని ప్లేట్లు కావాలో లెక్క వేసుకుని తెచ్చిపెట్టుకోవాలి.